ప్రాథమిక బడికీ కౌన్సెలర్ కావాలి: విద్యాశాఖ మంత్రి గారికి శ్రీకాకుళం నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను శ్రీకాకుళం జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల కోసం మా జిల్లాలో, ముందుగా కవిటి, సంతబొమ్మాళి మండలాల్లో, ఒక కౌన్సెలింగ్ కార్యక్రమాన్ని ప్రారంభించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

విద్యార్థుల మనోవేదన గురించి మన దగ్గర ఎప్పుడు ప్రస్తావన వచ్చినా అది పదో తరగతి పరీక్షల దగ్గరో, ఇంటర్ ఫలితాల దగ్గరో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ పిల్లలకు సాయం అందవలసిందే. అయితే ఏడేళ్ల పిల్ల తన బాధను మాటల్లో పెట్టలేదు; కడుపునొప్పి అంటుంది, పక్కపిల్లను గిచ్చుతుంది, లేదా రోజుల తరబడి నోరు విప్పదు. తరగతిలో అది అల్లరి కిందనో మొద్దుతనం కిందనో జమవుతుంది.

మా ప్రాంతంలో ఆ బాధకు కారణాలు తమకు తెలియనివి కావు. ఉద్దానంలో కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా సంసారాలను కుంగదీస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభం కావడంతో వైద్యం కొంత దగ్గరైంది. కానీ తండ్రి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లినప్పుడు తల్లి తోడు వెళ్లక తప్పదు, ఆ పూట పిల్లను బడికి తయారుచేసే మనిషి ఇంట్లో ఉండదు. తీరం వెంబడి మత్స్యకార కుటుంబాల మగవారు గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్లి నెలల తరబడి ఇంటికి రారు. అక్కడి నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులకు చిక్కి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నప్పుడు, వారి పిల్లలతో కూర్చుని మాట్లాడడమే పనిగా ఉన్న ఉద్యోగి ఎవరూ మన ప్రాథమిక బడుల్లో లేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేస్తే చెట్టుకు ఇంత, హెక్టారుకు ఇంత అని పరిహారం కట్టారు; గాలి హోరుకే ఉలిక్కిపడే పిల్లలకు ఏం చేయాలన్న ఆలోచన మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు.

ఈ పనిని ఉన్న ఉపాధ్యాయులకే అదనపు బాధ్యతగా అప్పగించవద్దని మనవి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బడిలో అది కాగితం మీదే జరుగుతుంది. 2025లో 16,347 పోస్టులతో జరిగిన మెగా డీఎస్సీలో కౌన్సెలర్ పోస్టు ఒక్కటీ లేదు. సైకాలజీలో గానీ సోషల్ వర్క్‌లో గానీ పీజీ చేసిన స్థానిక యువతను ఇందుకు తీసుకోవచ్చు. ఇచ్ఛాపురం వైపు ఒడియా కూడా వచ్చినవారైతే మరీ మంచిది.

అమెరికాలోని పాఠశాల కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలనీ, వారి పనివేళలో 80 శాతం విద్యార్థుల అవసరాలకే వినియోగం కావాలనీ సిఫారసు చేస్తుంది. ఇరవై ముప్పై మంది పిల్లలతో నడిచే మన ఊరిబడులకు మొదటి లెక్క నేరుగా సరిపోదు కాబట్టి, 2020 జాతీయ విద్యా విధానం సూచించినట్టు స్కూల్ కాంప్లెక్స్‌ను, అంటే దగ్గరదగ్గర బడుల సముదాయాన్ని, యూనిట్‌గా తీసుకుని, ఆ పరిధిలోని బడులన్నింటికీ వారంలో నిర్ణీత రోజున కౌన్సెలర్ వెళ్లే ఏర్పాటు చేయాలి. రెండో లెక్కను మాత్రం ఉత్తర్వులోనే రాయించండి. బడిలో కాస్త తీరికగా కనబడిన మనిషికి మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క అప్పగించడం మనకు బాగా అలవాటు.

మొదటి రెండు నెలలు అవసరాల సర్వేకు కేటాయించాలి. హాజరు పట్టీ చూస్తే ఏ పిల్ల ఏ వారాల్లో బడి మానుతోందో, అది ఇంట్లో డయాలసిస్ రోజులతో కలుస్తోందో లేదో తెలుస్తుంది. ఎవరు అమ్మమ్మ దగ్గర ఉంటున్నారో అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు తెలుసు. 2024 డిసెంబరు 7న తొలిసారి జరిపిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ వంటి సమావేశాల్లో తల్లిదండ్రులనూ అడగవచ్చు. ఈ వివరాలను బట్టే ఏడాది ప్రణాళిక వేయాలి. కవిటిలో జబ్బు మనిషి ఉన్న ఇళ్ల పిల్లలకూ, సంతబొమ్మాళిలో తండ్రి దూరాన ఉన్న పిల్లలకూ ఒకే పాఠం పనికిరాదు. అందరికీ కలిపి వారానికొక అరగంట తరగతి, అవసరమైన ఐదారుగురికి కొన్ని వారాలపాటు చిన్న బృందం, మరీ కుంగిన పిల్లతో విడిగా సంభాషణ ఉండాలి. కౌన్సెలర్ వైద్యుడు కాదు కనుక, ఆ పైన అవసరమైన పిల్లలను పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికో జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యునికో పంపాలి, పంపిన పిల్ల అక్కడికి చేరిందో లేదో కనుక్కోవాలి. పెద్దలకు ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించే టెలి మానస్ 14416 నంబరు చెప్పాలి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది గోప్యత. పల్లెటూరిలో పిల్ల చెప్పిన మాట సాయంత్రానికి రచ్చబండ చేరుతుంది. అందువల్ల పిల్లలను ప్రార్థన సమయంలో పేరు పెట్టి పిలవడం, ప్రధానోపాధ్యాయుని గదిలోనే కూర్చోబెట్టి మాట్లాడించడం నిషేధించాలి. పిల్ల చెప్పింది కౌన్సెలర్ దగ్గరే ఉంటుందనీ, తనకు గానీ మరొకరికి గానీ హాని జరుగుతుందనిపిస్తేనే సాయం చేయగల పెద్దలకు చెబుతామనీ ఆ పిల్లకు మొదటి రోజే అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దాన్ని ఊరి పెద్దల సమక్షంలో రాజీ చేయడానికి ఎవరికీ అధికారం లేదని బడి సిబ్బంది అందరికీ, పేరెంట్ కమిటీలకు శిక్షణలోనే స్పష్టం చేయాలి. పిల్లల సహాయ నంబరు 1098 ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

ఏడాది చివర ఫలితాన్ని మార్కులతో కొలవవద్దు. బడి మానే రోజులు తగ్గాయా, ఆసుపత్రికి పంపిన పిల్లలు చేరుకున్నారా అన్నది చూస్తే చాలు. జిల్లా కార్యాలయానికి మొత్తం సంఖ్యలే వెళ్లాలి. పిల్లల పేర్లు, వారు చెప్పిన విషయాలు ఉన్న రికార్డు తాళం వేసిన బీరువాలో కౌన్సెలర్ అధీనంలో ఉండాలి తప్ప, దాన్ని ఏ యాప్‌లోనూ ఎక్కించకూడదని పైలట్ ఉత్తర్వులోనే చేర్చాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. రానున్న జూన్‌లో బడులు తెరిచేలోపు ఆ ఉత్తర్వు వస్తే నియామకాలకు, శిక్షణకు వ్యవధి దొరుకుతుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
శ్రీకాకుళం జిల్లా