‘యెస్ మినిస్టర్’ డీవీడీ పెట్టె: అడిగిన ఎడిషన్ రాలేదు

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
18-11-2024

గ్రీవెన్స్ ఆఫీసరు గారికి,

విషయం: బ్రిటన్ ఎడిషన్ అని చెప్పి అమెరికా ఎడిషన్ పంపడం, వాపసు తీసుకోకపోవడం గురించి.

అయ్యా,

సెప్టెంబరు 9న మీ సైటులో బీబీసీ కామెడీ సీరియళ్ళు ‘యెస్ మినిస్టర్’, ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ పూర్తి డీవీడీ సెట్టుకు ఆర్డరు పెట్టాను. పెట్టె ఖరీదు రూ. 5,490. దిగుమతి సుంకం, కొరియరు ఖర్చు కింద మరో రూ. 1,310. అంతా ముందే కట్టాను. అక్టోబరు 14న పెట్టె చేతికొచ్చింది. మీ పేజీలో రాసింది బ్రిటన్ ఎడిషన్, పాల్, రీజియన్ 2. వచ్చింది అమెరికా ఎడిషన్, ఎన్‌టీఎస్‌సీ, రీజియన్ 1. పాల్, ఎన్‌టీఎస్‌సీ అంటే ఆ రెండు దేశాల టీవీ బొమ్మ పద్ధతులు. రీజియన్ అంటే డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె. మర్నాటి నుంచి నాలుగుసార్లు ఫోను చేశాను, మూడు మెయిళ్ళు పెట్టాను. ప్రతిసారీ మీవాళ్ళది ఒకటే మాట: “డిస్క్ ప్లే అవుతోంది కదండీ, ఇంక డిఫెక్ట్ ఏముంది?”

ముఖ్యంగా ఆ మాటకు జవాబు చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఈ పెట్టె ముగ్గురం డబ్బు వేసుకుని కొన్నది. నేను ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రెండో ఆయన బజారులో టీవీలు, రేడియోలు బాగుచేస్తారు. మూడో ఆయన సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉంటారు, రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగం చేసి దిగిపోయారు. ఎనభైల్లో ఈ కామెడీ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద గుమ్మంలోంచి ఇంకొకరు “వచ్చింది, వచ్చింది, ఆపు” అని కేకలేస్తూ చూసినవాళ్ళం. ఇప్పుడు ఆదివారం ఆదివారం మా ఇంట్లో కూర్చుని పాత టీవీ కామెడీలు చూస్తాం. నెట్‌లో ఇవాళ ఉన్నది రేపు ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి డిస్కులే కొంటాం.

కొనే ముందు మూడు ఆదివారాలు తర్జనభర్జన పడ్డాం. అమెరికా ఎడిషన్ పద్నాలుగు వందలు తక్కువకు దొరుకుతోంది. ఎపిసోడ్లు చూస్తే అవే: ‘యెస్ మినిస్టర్’వి మూడు సిరీస్‌లు కలిపి 21, 1984 క్రిస్మస్ ముందు వేసిన గంట ఎపిసోడ్ ఒకటి, ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’వి 16, మొత్తం 38. అలాంటప్పుడు ఎక్కువ పెట్టడం దేనికని నేనే వాదించాను. మా మెకానిక్ గారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. బీబీసీవాళ్ళు స్టూడియోలో ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి, చాలా భాగం వీడియో టేపు మీదే తీశారు. అది పాల్ పద్ధతి. తెర మీద కనిపించే గీతలు 576, సెకనుకు 50 ఫీల్డులు, అంటే గీత విడిచి గీతతో వేసే సగం బొమ్మలు. ఆనాటి మన దూరదర్శన్‌దీ అదే పద్ధతి. అమెరికాలో గీతలు 480, ఫీల్డులు దాదాపు 60. అక్కడికి పంపాలంటే బొమ్మలో 96 గీతలు తగ్గించాలి, 5 ఫీల్డులున్న చోట 6 చూపించాలి. ఆ ఆరోదాన్ని కెమెరా ఎన్నడూ చూడలేదు. అటూ ఇటూ ఉన్న ఫీల్డులను కలిపి దాన్ని తయారుచేస్తారు.

అమెరికా సరుకంటే మాకు చిన్నచూపేమీ లేదు. అక్కడి కామెడీ ‘ఐ లవ్ లూసీ’ని 1951లోనే 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీశారు. దాన్ని పాల్‌లోకి మారిస్తే సెకనుకు 24 ఫ్రేములు 25 అవుతాయి, మాట వేగం పెరిగి గొంతులు పలచబడతాయి. అందుకని మా దగ్గర లూసీది అమెరికా పెట్టే ఉంది. ఏది ఏ పద్ధతిలో తీశారో ఆ పద్ధతిలోనే చూడాలన్నది మా పట్టుదల. ఆ పట్టుదల కోసమే పద్నాలుగు వందలు ఎక్కువ పెట్టాం. ఆర్డరు పెట్టకముందే మీ సైటులో అమ్మకందారును అడిగాను కూడా. “అవును సార్, పాల్, యూకే ఎడిషన్” అని రాతపూర్వకంగా జవాబిచ్చారు.

పెట్టె వెనక ప్లాస్టిక్ కవరు మీద దిగుమతిదారు స్టిక్కరు అతికించి ఉంది. కవరు తీశాక చూస్తే సరిగ్గా ఆ స్టిక్కరు ఉన్న చోటే చిన్న భూగోళం బొమ్మ, దాని మధ్య 1 అంకె, అంటే రీజియన్ 1. బ్రిటన్ సెన్సారు సర్టిఫికెట్ ముద్ర ఎక్కడా లేదు. “సీలు తీశారు కాబట్టి వాపసు లేదు” అని మీవాళ్ళు ఒకసారి అన్నారు. సీలు తియ్యకుండా ఆ అంకె కనపడే దారి మీరు ఉంచలేదు.

అయినా ఒకసారి చూద్దామని పెట్టాం. పాతపట్నం మిత్రుడికి ఒక అలవాటుంది. ఈ కామెడీలో మంత్రిగారి కింది పెద్ద అధికారి సర్ హంఫ్రీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పే పొడుగాటి వాక్యాలను రూళ్ళ నోటుబుక్కులో రాసుకుని, కింద తెలుగు చేస్తారు. నాలుగు మాటలకోసారి రిమోట్‌తో బొమ్మ ఆపాలి. ఆ పాత్రకు నటుడు నైజెల్ హాథార్న్‌కు నాలుగుసార్లు బ్రిటన్ బాఫ్టా అవార్డు వచ్చింది. ఆయన నటనంతా కనుబొమలో, పెదవి చివర, ఫైలు మీద కదిలే వేళ్ళలో ఉంటుంది. ఆపిన బొమ్మలో చెయ్యి ఒకటి కనపడింది, దాని పక్కనే పొగలా ఇంకో చెయ్యి. పెన్నులు రెండు. మంత్రిగారు తల తిప్పిన చోట ఆపితే ముక్కు పక్కన ముక్కు. మిత్రుడికి ఈమధ్యే శుక్లం ఆపరేషన్ అయింది. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “నాకేనా మాస్టారూ ఇలా కనపడుతోంది?” అని అడిగారు. ఆయన కంటి తప్పు కాదని చెప్పడానికి మాకు కొంతసేపు పట్టింది. ఆ రోజు నోటుబుక్కు మూసేశారు, మళ్ళీ తెరవలేదు.

డిస్క్ ఆడిందంటే అది మా మెకానిక్ గారి చేతి చలవ. మన దేశానిది రీజియన్ 5. ఆయన మార్చిన ప్లేయరు కాబట్టి అన్ని రీజియన్లూ తీసుకుంటుంది. దాన్ని మీ సరుకు మంచిదనడానికి సాక్ష్యంగా చూపించకండి. మా ఊరు కొమ్ముబొమ్మలకు పేరు. కొమ్ముతో చేసిన కొంగకు డబ్బు తీసుకుని ప్లాస్టిక్ కొంగ చేతిలో పెట్టి, “కొంగే కదా” అనే దుకాణం ఇక్కడ ఒక్కటీ లేదు.

ఇంకో మాట. మా పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ లేదట. పెట్టె తెచ్చిచ్చిన కొరియరు అబ్బాయి రోజూ మా వీధిలోనే తిరుగుతున్నాడు. తేవడానికి ఉన్న దారి తీసుకెళ్ళడానికి ఎందుకు లేదు? ఫోనులో తెలుగు నొక్కితే, పిన్‌కోడ్ 7తో మొదలవుతుందని లైను ఒడియాకు మారుస్తున్నారు. ఒడియా నాకు బాగా వచ్చు, ఆ భాషలోనూ పాఠాలు చెప్పాను. కానీ మీ పేజీని తెలుగులో చదివి కొన్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఇళ్ళల్లో తెలుగు ఎక్కడికీ పోలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జవాబు తెలుగులోనే రాయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్టోబరు 15న పెట్టిన మెయిల్‌కు ఈ రోజుకీ ఫిర్యాదు నంబరు లేదు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేనప్పుడు అమ్మకందారు వాపసు తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. “అది సెల్లర్ చూసుకోవాలి” అని మీరు పక్కకు తప్పుకోవద్దు. డబ్బు మీరు తీసుకున్నారు, పేజీ మీది.

నేను కోరేది బ్రిటన్ పాల్ ఎడిషన్. అది పంపలేకపోతే సుంకం, కొరియరుతో సహా రూ. 6,800 వెనక్కివ్వండి. ఉన్న పెట్టెను మీ ఖర్చుతో మా ఇంటి నుంచే తీసుకెళ్ళండి. పేజీలో తప్పు వివరాలు దిద్దండి. నిన్న రాత్రి చూశాను, ఇంకా రీజియన్ 2 అనే ఉంది. నాలాగే ఇంకెవరో ఈపాటికి డబ్బు కట్టి ఉంటారు.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తరవాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉన్న ఊళ్ళోనే వెయ్యొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

బిల్లు, మీ పేజీ ఫోటో, అమ్మకందారు జవాబు, స్టిక్కరున్న కవరు ఫోటో, ఆపిన బొమ్మలవి మూడు ఫోటోలు జతచేశాను. చింపిన ప్లాస్టిక్ కవరును కూడా స్టిక్కరుతో సహా పెట్టెలోనే భద్రపరిచాను. మీ మనిషి వచ్చిన రోజు అన్నీ కలిపి అప్పగిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పర్లాకిమిడి