మా ఊరి కథ రెండు పీరియడ్లలో సగం సగం విన్నాం

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేను ధవళేశ్వరం అమ్మాయిని. ఈ మార్చిలో టెన్త్ రాశాను, ఇప్పుడు రాజమండ్రిలో ఒక ప్రైవేట్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను. మా ఇంట్లో మీ పేపర్ ముందు తాతయ్య చదువుతారు, ఆయన చదివాక నాకొస్తుంది, లేఖల పేజీ మాత్రం నేనే ముందు తీసేసుకుంటాను. చాలా రోజులుగా రాయాలనుకుంటున్న విషయం ఒకటుంది, స్కూల్లో తెలుగు, సోషల్ అప్పుడప్పుడైనా కలిపి చెప్పాలని, ఇవాళ కాలేజీకి సెలవు దొరికింది కాబట్టి కూర్చున్నాను.

మాకు టెన్త్ పరీక్షలు తెలుగుతో మొదలై సోషల్‌తో అయిపోయాయి. సోషల్ పేపర్ రాసి బయటికి రాగానే అమ్మయ్య ఇక ఈ సంవత్సరాలు, ఒప్పందాలు, మ్యాప్ పాయింటింగ్ ఉండవు అని ఫ్రెండ్స్ అందరం అనుకున్నాం, నేనూ అన్నాను. తీరా కాలేజీలో చేరాక చూస్తే తెలుగు కూడా లేదు, సెకండ్ లాంగ్వేజ్ అంటే సంస్కృతమే, ఎందుకు సార్ అంటే అందులో స్కోరింగ్ బావుంటుందమ్మా అన్నారు. సంస్కృతం మీద నాకేం కోపం లేదండి, నేర్చుకుంటే మంచిదే, కానీ మేం నేర్చుకునేది భాష కాదు, పరీక్షకి వచ్చే కొన్ని ఆన్సర్లు. అలా ఒకటో తరగతి నుంచి చదివిన తెలుగు, హైస్కూల్లో అన్నేళ్ళు చదివిన సోషల్, రెండూ ఒకే వేసవిలో నా టైంటేబుల్లోంచి పోయాయి. అవి పోయాకే వాటి గురించి ఎక్కువ ఆలోచిస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఛందస్సు పాఠంలో తేటగీతి పద్య లక్షణాలు చెప్పేటప్పుడు మా తెలుగు మాస్టారు పుస్తకంలో లేని పద్యం ఒకటి బోర్డు మీద రాసి గణవిభజన చెయ్యమన్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పద్యం, మీ పాఠకుల్లో చాలామందికి నోటికొచ్చే ఉంటుంది. భారతదేశం చక్కని పాడి ఆవు, ఇక్కడి జనం లేగదూడలు, ఆ దూడలు ఏడుస్తుంటే తెల్లవాళ్ళనే గడుసు గొల్లవాళ్ళు మూతులు బిగించి కట్టేసి పాలు పిండుకుంటున్నారు అని దాని అర్థం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ సరిపోయాయి. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం, కుదరట్లేదు సార్ అని నేను చెయ్యెత్తితే, అక్కడ 'తెల్ల'కీ 'గొల్ల'కీ ప్రాసయతి వేశారమ్మా, అంటే రెండో అక్షరాలు కలిపారు, తేటగీతిలో అది చెల్లుతుంది అన్నారు. నాకు భలే నచ్చింది ఆ మాట. ఆ రెండూ అలా పక్కపక్కన మోగడం వల్లే ఆ పద్యం ఒకసారి వింటే మళ్ళీ మర్చిపోలేం అనుకుంటా. అంతలో బెల్ కొట్టారు, నెక్స్ట్ పీరియడ్ మ్యాథ్స్.

తర్వాత కొన్నాళ్ళకి సోషల్లో జాతీయోద్యమం పాఠం. మా సోషల్ మేడమ్ చాలా బాగా చెప్పేవారు, దాదాభాయ్ నౌరోజీ గారి సంపద తరలింపు సిద్ధాంతం, ఇక్కడ వసూలు చేసిన పన్నుల డబ్బు జీతాలు, పెన్షన్లు, వడ్డీలు అనుకుంటూ ఇంగ్లాండుకి ఎలా పోయేదో బోర్డు మీద బాణం గుర్తులు వేసి చూపించారు. ఆ వెంటే 1905 బెంగాల్ విభజన, స్వదేశీ, వందేమాతరం ఉద్యమం, 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్రాలో తిరిగి ఉపన్యాసాలిచ్చారు అని ఒక్క లైను. ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసుకుని బిట్టుగా బట్టీ పట్టాం. అదీ అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు నేను రోజూ కాలేజీకి బస్సులో వెళ్ళి కోటిపల్లి బస్టాండ్ దగ్గర దిగుతాను. ఆ సెంటర్ని పాల్ చౌక్ అంటారు. చిన్నప్పట్నుంచీ వింటున్న పేరే, ఆ పాల్ ఎవరు అని ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. ఈ వానాకాలంలో ఒకరోజు సాయంత్రం బస్సు లేటయి అక్కడ నిలబడితే పక్కన ఒక పెద్దాయన తన మనవడికి చెప్తున్నారు, ఇది బిపిన్ చంద్రపాల్ గారు మాట్లాడిన చోటురా అని. నేను ఇంటికి రాగానే మా తెలుగు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మిగతా కథ చెప్పారు. 1907 ఏప్రిల్లో పాల్ గారు రాజమండ్రి వచ్చి కొన్ని రోజులు వరసగా ఉపన్యాసాలిచ్చారట, ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే జనానికి తెలుగులో చెప్పింది చిలకమర్తి గారే, ఆ సభలోనే ఆయన ఈ పాడి ఆవు పద్యం చదివారు.

ఫోన్ పెట్టేశాక అటక మీంచి నా పాత నోట్సులు రెండూ దింపి పక్కపక్కన పెట్టుకున్నాను అండి. తెలుగు నోట్సులో ఆ పద్యం చుట్టూ గురువులు, లఘువులు, గణాల పేర్లు తప్ప ఇంకేం లేవు. సోషల్ నోట్సులో పాల్ గారి పేరు పక్కన ఒక సంవత్సరం తప్ప ఇంకేం లేదు. ఊరు ఒకటే, సభ ఒకటే, నేను రోజూ దిగే బస్టాండు అదే, కానీ నేను దాన్ని రెండు వేరే వేరే పాఠాలుగా, రెండు వేరే వేరే పరీక్షలకి చదివాను. సంపద తరలింపు అంటే నాకు అప్పటిదాకా బాణం గుర్తుల డయాగ్రామ్ మాత్రమే. దూడ ఏడుస్తుంటే పాలు మొత్తం పిండేసుకోవడం అంటే మాత్రం బాగా తెలుసు, మా తాతయ్యకి రెండు గేదెలున్నాయి. నౌరోజీ గారు లెక్కలు కట్టి ఇంగ్లీషులో రాసినదాన్ని చిలకమర్తి గారు ఇంట్లో పాడి ఉన్న ప్రతివాళ్ళకీ అర్థమయ్యేలా నాలుగు పాదాల్లో పెట్టేశారు, పద్యం అంటే ఇంత పని చేస్తుందని నాకు తొమ్మిదో తరగతిలో తెలిసుంటే ఛందస్సుని ఇంకోలా చదివేదాన్ని.

అక్కడితో ఆగలేదు నా ఆలోచన. పద్యంలో నాలుగో పాదం ఉంది కదా, మూతులు బిగించి కట్టడం. తాతయ్యని అడిగితే, దూడ పాలు తాగెయ్యకుండా మూతికి చిక్కం కడతామే, అదే అన్నారు. మరి ఆ దూడల మూతులకి చిక్కం ఎలా కట్టారు అని చూస్తే ఆ సంగతి కూడా మా రాజమండ్రిలోనే ఉంది. పాల్ గారి ఉపన్యాసాలు విన్న స్టూడెంట్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కాలేజీలోంచి పంపించేశాడు. చదువు పోయింది. ఆయన ఊరుకున్నారా అంటే లేదు, విజయవాడ వెళ్ళి స్వరాజ్య అని పత్రిక నడిపారు, 1908లో తిరునల్వేలిలో జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల గురించి అందులో వచ్చిన సంపాదకీయానికి ఆయన్ని జైల్లో పెట్టారు. ఎడిటర్ గారూ, మీరు రోజూ రాసే లాంటిదే ఒక సంపాదకీయం, దానికి జైలు! పద్యం చదివిన కొద్దికాలానికే ఆ నాలుగో పాదం ఒక స్టూడెంట్ మీద, అదే మనిషి ఎడిటర్ అయ్యాక మళ్ళీ ఆయన మీదే నిజమయింది. ఇది నాకు ఏ గైడులోనూ దొరకలేదు, రెండు నోట్సులు పక్కపక్కన పెట్టుకుంటేనే కనిపించింది. చిన్న బ్యాడ్జీ పెట్టుకున్నందుకు చదువు పోగొట్టుకోడానికి సిద్ధపడ్డవాళ్ళు నాకంటే కొద్దిగా పెద్దవాళ్ళే కదా, ఆ సంగతి తెలిశాక నాకు ఆ బస్టాండ్‌లో నిలబడితే ఏదోలా ఉంటుంది.

ఇంకో సందేహం కూడా చెప్పాలి, ఇది మా ఊరి సందేహం. మా ధవళేశ్వరంలో గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజినీరు కాటన్ దొర గారి మ్యూజియం ఉంది, విగ్రహాలున్నాయి, పూలదండలు వేస్తాం. 1830ల్లో వచ్చిన పెద్ద కరువులో గోదావరి పక్కన ఉండి కూడా జనం తిండి లేక చచ్చిపోయారు, ఆ తర్వాత 1847లో ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది, మా తాతయ్య వాళ్ళ పొలానికి ఈ రోజుకీ ఆ కాలవ నీళ్ళే. తాతయ్య కాటన్ గారి పేరు ఎత్తితే చెయ్యి జోడిస్తారు. మరి ఒక పీరియడ్లో తెల్లవాళ్ళు పాలు పిండుకుపోయారని చదివి, ఇంకో పీరియడ్లో తెల్లదొర మనకి అన్నం పెట్టాడని చదివితే ఏది నిజం అనుకోవాలి? క్లాసులో అడుగుదామనుకున్నాను, ఆ వారం స్లిప్ టెస్టులు, పోర్షన్ అవ్వలేదని మేడమ్ టెన్షన్‌లో ఉన్నారు, అడగలేకపోయాను. తాతయ్యని అడిగితే ఆయన గేదెకి కుడితి పెడుతూ ఒకటే మాట అన్నారు, పాలు కావాలనుకున్నవాడు గడ్డి వెయ్యడా ఏంటే అని. కాసేపాగి మళ్ళీ ఆయనే, అయినా గడ్డి వేసినవాళ్ళలో అందరూ ఒకలాంటివాళ్ళు కాదు, ఈయన మన కడుపు చూసినవాడు అన్నారు. ఆనకట్ట వచ్చాక జిల్లాలో సర్కారుకి వచ్చే శిస్తు బాగా పెరిగింది, అది నిజమే. కాటన్ గారు నీళ్ళ కోసం పైవాళ్ళతో ఏళ్ళ తరబడి పోట్లాడారు, అదీ నిజమే. రెండూ కలిపి పట్టుకోవడం కష్టంగా ఉంది నాకు, కానీ ఇలాంటి కష్టం క్లాసులోనే పడాలి కదండీ, పిల్లలు అడగాలి, తెలుగు మాస్టారూ సోషల్ మేడమూ ఇద్దరూ ఎదురుగా ఉండి మాట్లాడాలి. వాళ్ళిద్దరూ స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చునేవారు.

ఒకసారి చూడ్డం మొదలుపెడితే ఇలాంటివి చాలా ఉన్నాయి. ఉప్పు సత్యాగ్రహం అంటే మాకు 1930, దండి, సబర్మతి నుంచి బయల్దేరిన 78 మంది, ఇంతే గుర్తు. గరిమెళ్ళ సత్యనారాయణ గారు తెల్లదొరతనం మాకొద్దని పాడిన పాట అంతకంటే ఎనిమిది తొమ్మిదేళ్ళ ముందుది, అందులోనే ఉప్పు ముట్టుకోవడం కూడా తప్పయిపోయిందన్న బాధ ఉంది, ఆ పాటకి ఆయన్నీ జైల్లో పెట్టారు. అంటే ఉప్పు సంగతి జనం మనసులో ముందే ఉంది, గాంధీ గారు దాన్ని పట్టుకున్నారు. ఇది ఎంత బావుందో చూడండి, కానీ మాకు పాట 'కవి పరిచయం'లో, ఉప్పు 'సంఘటన, సంవత్సరం జతపరచండి'లో. కందుకూరి వీరేశలింగం గారు జరిపించిన మొదటి వితంతు వివాహం 1881 డిసెంబర్ 11న జరిగింది కూడా రాజమండ్రిలోనే, ఆయన ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు, మా స్కూల్ నుంచి ఎంతో దూరం కాదు, ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు.

ఇందులో మా టీచర్ల తప్పు ఉందని నేను అనట్లేదు, అది మాత్రం తప్పుగా వెయ్యొద్దు దయచేసి. ఇద్దరూ ప్రాణం పెట్టి చెప్పారు. కానీ మాస్టారికి వ్యాకరణం పోర్షన్, మేడమ్‌కి ఎకనామిక్స్ పోర్షన్ ఇంకా మిగిలే ఉంటాయి, జనవరి వచ్చేసరికి సోషల్ పీరియడ్లు కూడా మ్యాథ్స్‌కి, ఫిజిక్స్‌కి ఇచ్చేసేవారు, సోషల్ ఇంట్లో చదువుకోవచ్చులే అని. చదువుకోవచ్చు, బట్టీ కొట్టుకోవచ్చు. కాటన్ గారి సందేహం లాంటిది ఇంట్లో ఎవరితో మాట్లాడతాం? నాకు తాతయ్య ఉన్నారు, అందరికీ ఉండరు కదా.

నేను అడిగేది పెద్దది కూడా కాదు. సంవత్సరంలో రెండు మూడు రోజులు తెలుగు, సోషల్ టీచర్లిద్దరూ ఒకే క్లాసులో ఒకేసారి నిలబడి ఒకే విషయం చెప్పాలి. ఎవరి ఊరికి తగ్గది వాళ్ళు తీసుకోవచ్చు. చీరాల పిల్లలకి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారున్నారు, 1921లో మున్సిపాలిటీ వద్దు, ఆ పన్ను కట్టం అంటూ ఊరు ఊరంతా లేచి బయట పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు, అలాంటి కథ దగ్గర పెట్టుకుని అక్కడి పిల్లలు కూడా దాన్ని బిట్టుగానే చదువుతుంటారేమో అని నా భయం. టెన్త్ పేపర్లో కూడా ఒక్క ప్రశ్న, ఒక పద్యమో పాటో ఇచ్చి దీని వెనక ఏం జరుగుతోంది అని అడగమనండి, అప్పుడు గైడులు కూడా మారతాయి. ఇంక మా ఇంటర్ కాలేజీల్లో తెలుగు కావాలన్నవాళ్ళకి తెలుగు ఉండాలి, మార్కులు తగ్గితే తగ్గుతాయి, ఆ సంగతి మేము చూసుకుంటాం. ఇంజినీరింగ్ చదివినా నేను ఈ గోదావరి పక్కనే కదా ఉండేది.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా తమ్ముడికి పద్యం నేర్పాను, రెండు రోజుల్లో వచ్చేసింది. వచ్చే ఆదివారం వాణ్ణి పాల్ చౌక్‌కి తీసుకెళ్తున్నాను, అటు నుంచి కందుకూరి గారి ఇంటికి.

చివరిగా ఒక రిక్వెస్ట్. రాజమండ్రిలో పాత కుటుంబాలవాళ్ళు మీ పేపర్ చాలామంది చదువుతారు. 1907లో ఆ సభకి వెళ్ళామని మీ ఇళ్ళల్లో ముత్తాతలెవరైనా చెప్పుకున్న మాటలు, ఎక్కడ కూర్చున్నారు, ఎంతమంది వచ్చారు, పద్యం చదివినప్పుడు జనం ఏమన్నారు, ఏది గుర్తున్నా సరే ఈ పేజీకి రాయండి. నేను కత్తిరించి మా మాస్టారికీ మేడమ్‌కీ ఇద్దరికీ చూపిస్తాను.

ఇట్లు,
ఇంటర్ ఫస్టియర్ విద్యార్థిని,
ధవళేశ్వరం