తాడు ఏ రింగుకు కట్టాలో చెప్పడానికి 43 రోజులు చాలలేదా?

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణానదిలో, ఒక్క స్పీడు బోటుతో నేనూ మా తమ్ముడూ జలక్రీడలు నడుపుకుంటున్నాము. బోటు వెనుక లాగే గాలి ట్యూబును మీ సంస్థ వద్దే కొన్నాము. జెట్టీకి కట్టి ఉంచగా దాని ముందు అతికించిన పట్టీ ఊడి, రింగు తాడుతో సహా మా తమ్ముడి చేతిలోకి వచ్చింది. ట్యూబు ప్రవాహంలో పడి పోతుంటే బోటు వేసుకొని వెళ్లి పట్టుకొచ్చాము. వస్తువన్నాక పాడవుతుంది, దాన్ని అక్కడితో వదిలేసేవాణ్ణే. ఆ తరువాత మీ వారు నన్ను పెట్టిన తిప్పలను మాత్రం వదలలేకపోతున్నాను.

నేను అడిగింది ఒక్కటే: లాగడానికి ఉన్న రింగుకే జెట్టీ తాడు కూడా కట్టవచ్చా, లేక వేరే చోట కట్టాలా? మొదటి రోజు 26 నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడి, ట్యూబు ఏ సైజు టైరులోదని అడిగి, బండి నంబరు చెప్పమన్నది. ఇది నీళ్ల మీద తేలే ట్యూబమ్మా అని వివరించేసరికి లైను పోయింది. రెండో వారం ఫొటోలు పంపమన్నారు, ఆరుసార్లు పంపాను. వాటిలో ఉత్పత్తి తడిసినట్లు కనిపిస్తున్నదనీ, తడి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదనీ జవాబు వచ్చింది. జలక్రీడల సామగ్రిని తడవకుండా వాడే విద్య మీ వద్ద ఉంటే దయచేసి మాకూ నేర్పగలరు. హైదరాబాదు కార్యాలయం గుంటూరు డీలరును కలవమన్నది. పనులు మానుకొని వెళితే ఆయన, అమ్మడం వరకే మా పని అంటూ తిరిగి హైదరాబాదు నంబరే రాసిచ్చారు. చివరికి నిన్న, నా సమస్య పరిష్కారమైందనీ, సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారనీ సందేశం పంపారు.

తాడు ముడి అంత పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. 2024 సెప్టెంబరు వరదలో, 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహంలో, కట్లు తెంచుకున్న పడవలు వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) గుద్దిన ఊరు మాది. ఇక్కడ తాడు వదులైందంటే ఎవరూ నవ్వరు. మీ పుస్తకంలో నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ తప్ప ఏమీ లేదు కనుక అన్నీ మేమే నేర్చుకున్నాము. తెల్లవారి చల్లదనంలో బిగువుగా గాలి కొట్టిన ట్యూబు మధ్యాహ్నపు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి డోలులా మోగుతుంది. అప్పుడు వాల్వు తిప్పి, బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగేంత వరకు గాలి వదులుతాము. ముందూ వెనుకా రెండు తాళ్లు కడతాము, నీటిమట్టం మారినా లాగుడు పడకుండా కొంత వదులు ఉంచుతాము, మనుషులు పట్టుకునే పిడులకు ఎన్నడూ కట్టము. జెట్టీ ఇనుప అంచు మీద ఈడ్చకుండా ఇద్దరం ఎత్తుతాము, రాత్రికి నీళ్లలో వదలము. ఇంత చేసినా ఊడిందంటే తప్పు మా ముడిదా, మీ జిగురుదా?

నాలుగేళ్లుగా లైఫ్ జాకెట్లు, తెడ్లు, పంపు మీ వద్దే కొంటూ, పక్క రేవువారికీ మీ పేరే చెప్పాను. ఇక చెప్పను. ట్యూబు మార్చడమో డబ్బు తిరిగి ఇవ్వడమో మీ ఇష్టం, ముందు విషయం తెలిసిన మనిషి సంతకంతో తెలుగులో ఒక జవాబు ఇప్పించండి. 15 రోజుల్లో రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. వ్యాపారానికి కొన్నారు కదా అని తప్పించుకోవాలనుకుంటే, కేవలం స్వయం ఉపాధితో బతికేవాడు కూడా వినియోగదారుడేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నదని మీ న్యాయవాదే చెబుతారు.

బిల్లు నకలు, ఫొటోలు జతపరిచాను. ఊడిన రింగును మాత్రం పంపడం లేదు. అది మా టికెట్ కౌంటరు దగ్గర, మీ సంస్థ పేరు రాసిన అట్ట కింద వేలాడుతున్నది.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
విజయవాడ