వార్షిక నివేదిక: రాళ్లు పరిచాక మన లాడ్ బజారు

సభ్యులందరికీ నమస్కారం, సలాం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం ఒకే పనికి పెట్టింది. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి, రాళ్లు పరిచి, దారిని నడిచేవాళ్లకే వదిలిన చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు వల్ల పక్కనే ఉన్న మన గాజుల బజారు, లాడ్ బజారుకు ఏం ఒరిగిందో దుకాణం దుకాణానికీ తిరిగి అడిగాం. 1990లలో మొదలైన ఆ పథకం రెండు దశాబ్దాలు దాటి సాగింది. అప్పుడు గల్లా మీద కూర్చున్న పెద్దల చోట ఇప్పుడు పిల్లలున్నారు. అందుకే ఒక్క సీజను అమ్మకాలు చూసి మంచో చెడో తేల్చకూడదనుకున్నాం.

మేలు జరిగింది, కాదనలేం. 1591 నాటి కట్టడాన్ని ఆనుకుని ఆటోలు, బస్సులు తిరిగిన రోజులు మనం చూశాం. ఆ పొగ, హారన్ల మోత తగ్గాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు భయం లేకుండా నిలబడి చార్మినార్‌ను చూస్తున్నారు. సాయంత్రాలు జనం పెరిగారన్నది చాలామంది మాట.

కానీ జనం వేరు, గిరాకీ వేరు. ఫొటో దిగినవాళ్లు అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. పెళ్లి గాజులకు వచ్చే కుటుంబానికేమో బండి ఎక్కడ పెట్టాలన్న టెన్షన్. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను అంత దూరం నడిపించలేక వేరే బజారుకు వెళ్తున్నామని పాత గిరాకీలు మనతోనే అన్నారు.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది వెనక గల్లీలు. నిప్పుల సెగ దగ్గర లక్కను మెత్తబరిచి, గాజుగా చుట్టి, ఒక్కో రాయినీ చేత్తో అద్దేవాళ్లు అక్కడి ఇరుకు గదుల్లోనే ఉన్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, సంతోషమే. అయితే గాలి ఆడని ఆ గదులు మారలేదు. రోడ్డు ఎంత బాగుపడిందో కొలిచారు గానీ గాజు చేసే చేతికి ఎంత దక్కిందో ఎవరూ కొలవలేదు. మా దృష్టిలో ఈ పథకంలో పెద్ద లోటు అదే.

పక్కనే ఉన్న పత్తర్‌గట్టిని చూడండి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. రాతి కమానుల కింద నీడ, ఆ నీడలోనే దుకాణాలు. నడిచేవాళ్లనీ అమ్మేవాళ్లనీ కలిపి ఆలోచించారు కాబట్టే ఇప్పటికీ అక్కడ బేరాలు సాగుతున్నాయి.

తోపుడు బండ్ల విషయంలో మనలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. వాళ్లను తరిమేయమని అడగడం తప్పని కార్యవర్గం అభిప్రాయం. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం వాళ్లకు చోటు కేటాయించమని మనమే అడగాలి.

వచ్చే ఏడాది మూడు అడుగుదాం: వృద్ధులకు బ్యాటరీ బండి, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, గాజులు చేసే కారీగర్లకు గాలి, వెలుతురు ఉన్న పనిచోటు. రంజాన్ అయిన వారానికి మళ్లీ మీ దుకాణాలకు వస్తాం. ఈసారి మీ దగ్గర గాజులు చేసేవాళ్లను కూడా కూర్చోబెట్టండి, వాళ్ల కూలి లెక్క వాళ్ల నోటే విని రాసుకుంటాం.