ఆర్యాపురం వెల్డింగ్ షాపు బాబాయ్ గారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

చివరి ఫైలు కూడా ఇందాకే హార్డ్ డిస్కులోకి ఎక్కింది. ఒళ్ళు హూనమైపోయింది, కళ్ళు మండుతున్నాయి. రేపు తీరిగ్గా రాద్దాంలే అనుకుంటే ఎప్పటికీ రాయనని నాకు తెలుసు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మేం ఏం చేస్తున్నామో చాలామందికి తెలీదు కాబట్టి ముందు అది చెబుతాను. రాజమండ్రిలో మనం రోజూ తిరిగే చోట్ల మీద చిన్న చిన్న శబ్దచిత్రాలు, వీడియోలు చేస్తున్నాం. ఒక్కోటి 5 నిమిషాలు దాటదు. పిండిమర, ఇస్త్రీ బండి, కోటగుమ్మం దగ్గర పూలమ్మేవాళ్ళు, తాడితోటలో బట్టల మూటలు దింపే చోటు, తెల్లవారుజామున పుష్కర ఘాట్. టౌన్ హాలు, దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ కావాలనే పక్కన పెట్టాం, వాటి గురించి చెప్పేవాళ్ళు ఉన్నారు. హేవలాక్ వంతెన సంగతే చూడండి. 1900లో మొదలైంది, 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. ఫోటోలకైతే లెక్కే లేదు. మరి బండి వంతెన ఎక్కగానే పెట్టెలోపల మారిపోయే ఆ మోత, కిటికీలోంచి గోదారమ్మకి చిల్లర విసురుతూ పెద్దవాళ్ళు పిల్లల చేత దణ్ణం పెట్టించే ఆ సందడి, మన ఊళ్ళో ఎంతమంది దాచుకున్నారు? పిండిమరలు కూడా అదే దారిలో ఉన్నాయి. ప్యాకెట్ పిండి వచ్చాక ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

ప్లానింగ్ అంటే మేం పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నే. ఒక చోటు, ఒక వేళ, ఒక గొంతు. మొదటిసారి మైకూ కెమెరా లేకుండా వెళ్ళి ఊరికే కూర్చోవాలి. వినిపించే చప్పుళ్ళన్నీ కాగితం మీద రాసుకోవాలి: దూరానివి, పక్కవి, చెవి ఆనిస్తే తప్ప తెలియనివి. వీడియోకి ముందు చేతులు తియ్యాలి, ఆ తర్వాతే మొహం. అన్నీ అయ్యాక ఎవ్వరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు ఆ చోటు చప్పుడు ఒక్కటే పట్టుకోవాలి. ఎడిటింగ్‌లో మాట తెగిన చోట దాన్నే అడుగున పరుస్తాం, లేకపోతే అతుకు వినేవాళ్ళకి తెలిసిపోతుంది.

ఆర్యాపురం పిండిమర దగ్గర ఆ ఒక్క నిమిషమే దొరకలేదు.

మర నడిపే ఆవిడ మొదటి రోజే ఒక మాట చెప్పారు: "గింజ అయిపోతే మర గొంతు మారుద్దండీ." నిజమే. తొట్టిలో గోధుమలు ఉన్నంతసేపూ బరువుగా మూలుగుతుంది. అడుగంటుతుంటే ఆ మూలుగు పలచబడి కీచుమంటుంది. ఆవిడ అటు తిరిగి ఎవరి డబ్బానో తూకం వేస్తూ, ఆ కీచు మొదలవగానే వెనక్కి కూడా చూడకుండా చెయ్యి చాపి మర ఆపేస్తారు. మా 5 నిమిషాలకీ ప్రాణం అదే. మరకి సరిగ్గా ఎదురుగా గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. కటింగ్ మిషన్ ఇనుము మీద ఆనిందంటే సందంతా దద్దరిల్లిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకైతే తల పగిలిపోతుంది. పొట్టకూటి పని, ఆపమని మనం ఎలా అడుగుతాం? అడగలేదు. సందు దొరికినప్పుడల్లా కాస్త కాస్త రికార్డు చేసుకుంటూ కూర్చున్నాం.

మధ్యాహ్నం మూడు దాటాక ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుంటే మర తిరుగుతూనే ఉంది. భోజనానికి వెళ్ళారేమో అనుకున్నాం. కావలసిన నిమిషం దొరికింది, ఆ కీచు దొరికింది, తృప్తి తీరక మళ్ళీ మళ్ళీ పట్టుకున్నాం. పొద్దు వాలుతుంటే ఆ షాపు కుర్రాడు నీళ్ళ సీసా తెచ్చిచ్చి, "అయిందాండీ? మా ఓనర్ గారు మిషన్ ఆపేసి మీకోసమే చూస్తున్నారండి" అన్నాడు. తిరిగి చూద్దును కదా, ఆయన గుమ్మంలో స్టూలు వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. వెనకాల సగం కోసిన గేటు. మర్నాడు పొద్దున్న గృహప్రవేశం ఉన్న ఇంటికి బిగించాల్సిన గేటు అట అది.

పరుగున వెళ్ళి, ఎందుకు ఆపేశారు బాబాయ్ గారూ, మేం అడగలేదు కదా అన్నాను. "మీరు చెవి పెట్టి వింటన్నారు కదమ్మా, మా గోల అడ్డమని ఆపేశానండి. రాత్రి కూర్చుంటే అయిపోద్ది లెండి" అన్నారు. ఏదైనా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు. ఒక్కసారి వినిపిస్తారా అని మాత్రం అడిగారు. హెడ్‌ఫోన్స్ ఇస్తే ఒక వైపే పట్టుకుని ఎడమ చెవికి ఆనించుకున్నారు. కుడి చెవి ఈ పనిలోనే పోయిందట. ఎదురుగా ఇన్నేళ్ళుగా ఉన్న మరలో ఆ కీచు ఒకటుందని ఇవాళే తెలిసిందమ్మా అన్నారు. నాకు ఇంక మాట రాలేదు. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను, ఆ కుర్రాడే కంగారుపడి టీ తెచ్చాడు. తన పని పక్కన పెట్టి, తన చెవికి సరిగ్గా అందని చప్పుడు నా మైకుకి అందాలని ఆయన ఆ సాయంత్రమంతా ఊరికే కూర్చున్నారు. బాబాయ్ గారూ, పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆ రాత్రి మీరు ఎన్నింటిదాకా కూర్చున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతోంది. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ 8 గంటలు పనిచేస్తే చెవులు దెబ్బతింటాయని నిపుణులు చెబుతారు. కటింగ్ మిషన్ దానికన్నా చాలా ఎక్కువ. మీ కుర్రాడికైనా చెవులకి పెట్టుకునే మఫ్‌లు కొనిపెట్టనివ్వండి, దీనికి కాదనకండి.

మావారు మైకు పట్టుకున్నారు, అమ్మ పిల్లల్ని చూసుకుంది. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక మాట మాత్రం అనకుండా ఉండలేను. అడక్కుండానే పని ఆపిన మనిషి ఒకవైపు ఉంటే, పుష్కర ఘాట్‌లో రికార్డు చేసుకోవడానికి అనుమతి కోసం మేం తిరిగిన ఆఫీసు ఇంకోవైపు ఉంది. పేరు అనవసరం. దరఖాస్తులో సినిమా పేరు, హీరో పేరు, వాహనాలెన్ని, లైట్లెన్ని అన్నీ ఉన్నాయి. చేతిలో ఇమిడే రికార్డరుతో 5 నిమిషాల ఆడియో చేసేవాళ్ళకి ఒక్క గడి లేదు. ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్‌కి ఫైలు తిరిగి తిరిగి, చివరికి సినిమా షూటింగ్ ఫీజు కట్టమన్నారు. అదే ఘాట్‌లో పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని రీల్స్ చేసుకునేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా. మేం పద్ధతిగా వెళ్ళి అడిగినందుకా ఈ శిక్ష? తమ ఊరిని తామే రికార్డు చేసుకునే విద్యార్థులకి, మామూలు మనుషులకి ఒక పేజీ ఫారం, ఒక రోజులో సమాధానం ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది?

మర ఆవిడకి కృతజ్ఞతలు, తూకం వేసే చోట నన్ను కూడా కూర్చోబెట్టి పని చెప్పారు. ఇస్త్రీ బండి అన్నగారికి, బొగ్గులు రాజేసేటప్పుడు మాకోసం రెండోసారి విసిరారు. ఘాట్‌లో తడిబట్టలతోనే నిలబడి మాట్లాడిన పెద్దావిడకి.

అయ్యో, దేవీచౌక్ దగ్గర మందుల షాపు అబ్బాయిని వదిలేశాను! షట్టర్ దించేశాక కూడా మళ్ళీ ఎత్తి పెన్సిల్ బ్యాటరీలు ఇచ్చాడు. డల్లాస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్, అర్ధరాత్రి కూర్చుని ఇస్త్రీ బండి ఫైల్లో కరెంటు హమ్, అదే ఆ గుయ్‌మనే చప్పుడు, తీసేసింది. విజయవాడ ఆకాశవాణి రూపకాలు మానకుండా వినే మా వీధి మాస్టారు, మొదటి ముక్క విని "మాటలు తగ్గించమ్మా" అన్నారు, తగ్గించాను, బాగుంది. తాడితోటలో మూటల మధ్య నాకు దారి ఇచ్చిన జట్టు వాళ్ళందరికీ. గాలి మోత రాకుండా మైకుకి బొచ్చు తొడుగు అరువిచ్చిన పెళ్ళి వీడియోల తమ్ముడూ, అది ఇంకా నా దగ్గరే ఉంది, రేపు పొద్దున్నే తెచ్చిస్తాను.