పెన్సిల్‌తో నువ్వు రాసిన ‘పాపం’

సఖినేటిపల్లి

అమ్మలూ,

నువ్వు పంపిన ‘ఆఫ్ హ్యూమన్ బాండేజ్’ నిన్న రాత్రికి అయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేసరికి నెల పట్టింది. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో నాలుగు చోట్ల ‘పాపం’ అని రాసుకున్నావు. దాని గురించే ఈ ఉత్తరం.

1915లో సోమర్సెట్ మామ్ రాసిన ఈ నవలలో కథానాయకుడు ఫిలిప్‌ది పుట్టుకతో వంకర పాదం. మామ్‌కి నత్తి ఉండేది. ఆ నత్తినే ఫిలిప్‌కి పాదంగా ఇచ్చాడంటారు. నాకు నమ్మబుద్ధేస్తోంది, లేకపోతే ఆ ప్రార్థన ఘట్టం అలా రాయలేడు. నమ్మకముంటే కొండలైనా కదులుతాయని బైబిల్లో చదివి, ఆ పిల్లాడు చలిలో వట్టి నేల మీద మోకరిల్లి కాలు బాగుచెయ్యమని వేడుకుంటాడు. తను పెట్టుకున్న గడువు రోజు తెల్లవారుతుంది. చేత్తో తడిమితే దేవుణ్ణి అనుమానించినట్టవుతుందని కాసేపు ఊరుకుంటాడు. చివరికి కుడి కాలి వేళ్ళతో ఎడమ పాదాన్ని మెల్లగా తాకుతాడు. ఆ వెంటనే కుంటుకుంటూ మెట్లు దిగుతాడు.

పుస్తకం మూసేసి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాను. నాకు మూడో ఏట పోలియో వస్తే, నాయనమ్మ అంతర్వేది స్వామికి మొక్కుకుంది. కాస్త పెద్దయ్యాక స్వామి కల్యాణానికి తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున్నే నేనూ దుప్పట్లో కాలు కదిపి చూసుకున్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

స్కూల్లో మిగతా పిల్లలు చెయ్యి మెలిపెట్టి మరీ ఫిలిప్ పాదం చూస్తారు. అప్పట్నుంచి దాన్ని దాచుకోవడమే అతని పని. నేను ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తానుగా, ప్యాంట్లన్నీ అక్కడే అరిగేవి. మీ అమ్మ పైకి కనపడకుండా లోపల్నుంచి అతుకు వేసేది. ఆ అతుకు గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

కానీ తల్లీ, నాకు ఈ నవల నచ్చింది ఇందుకు కాదు. ఫిలిప్ ఎన్ని తప్పులు చేస్తాడో చూడు. తనని అంత ప్రేమగా చూసుకున్న నోరాని వదిలేసి, తనంటే లెక్కలేని మిల్‌డ్రెడ్ వెంటపడతాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండినందుకు ఎంత హాయిగా ఉందో! మన కథల్లో అవిటివాళ్ళు దేవుడంత మంచివాళ్ళయినా అవుతారు, లేదా మంథరలా కొంపలు కూల్చేవాళ్ళయినా అవుతారు. ఇతను మాత్రం మామూలు మనిషి.

ఒకసారి గోదారి దాటి నరసాపురం వెళ్ళే పంటు మీద చిల్లర దగ్గర గొడవైంది. తప్పు నాదే. అవతలాయన గట్టిగా అనబోయి, నా కాలు చూసి, “పోన్లెండి మాస్టారూ” అని ఊరుకున్నాడు. రేవు వచ్చేదాకా తలెత్తలేకపోయాను. రెండు మాటలు తిట్టినా బాగుండేది.

నోరాని వదిలేసిన పేజీలో నువ్వేమీ రాయలేదు. అక్కడ నేను పెన్నుతో రాశాను. సంక్రాంతికి వచ్చినప్పుడు చూడు.

నాన్న