ఈ ఏటి పిల్లకి ఈ ఏటి కొలత

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక చిన్న గదిలో బట్టలు కుడతాను. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఆడపిల్లల ఫ్రాకులు, లంగాజాకెట్లు, బడి బట్టలు ఎక్కువగా వస్తాయి. జూన్ 12న బడులు తెరుస్తారంటే మే నెల మధ్య నుంచే మా కటింగు బల్ల మీద గళ్ళబట్ట, నీలంబట్ట గుట్టలు పడతాయి. ఈ రోజుల్లో మీ పత్రికలో ఫీజుల మీద, పుస్తకాల సంచీ బరువు మీద ఉత్తరాలు వస్తుంటాయి. భోజనాలయ్యాక అన్నీ చదువుతాను. పిల్లల బట్టల కొలత గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ రాయగా చూడలేదు. అందుకే నేను రాస్తున్నాను.

పిల్లని నిలబెట్టి టేపు భుజం మీద పెట్టగానే తల్లి అనే మాట ఒకటుంది. "ఎదిగీ పిల్ల కదేటి అప్పా, కాస్త వదులుగా కుట్టు. రెండేళ్ళు ఆడాల." అప్ప అంటే మా వైపు అక్క. నూటికి తొంభై మంది తల్లులు ఇదే అంటారు. వాళ్ళని తప్పు పట్టను. బట్ట ఖరీదు, కుట్టుకూలి నాకు తెలియనివి కావు. కానీ వాళ్ళు అడిగినట్టు కుడితే ఏమవుతుందో చూడండి. మొదటి ఏడు ఆ గౌను పిల్ల ఒంటి మీద వేలాడుతుంది. రెండో ఏడు సరిపోయే నాటికి రంగు పోయి, మోచేతుల దగ్గర పలచబడి ఉంటుంది. అంటే కొత్త బట్ట సరిగ్గా సరిపోయిన రోజు ఆ పిల్లకి ఒక్కటీ ఉండదు.

మా ఊరి పైడితల్లమ్మ పండగ, సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో గమనించండి. నాన్న భుజాల మీద కూర్చున్న పిల్ల కొత్త గౌను ఆయన కళ్ళ మీదికి జారుతుంటుంది. ఒక చేత్తో పిల్ల కాలు, ఇంకో చేత్తో గౌను అంచు పట్టుకుని నడుస్తుంటాడు. ఆ గౌను పిల్లకి సరిపోయే ఏటికి పిల్ల భుజాల మీద కూర్చోదు.

పిల్లలు ఎంత తొందరగా ఎదుగుతారో నా టేపుకి తెలుసు. పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 20 అంగుళాలు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 30 అవుతుంది. రెండో ఏడు ఇంకో నాలుగైదు అంగుళాలు. రెండేళ్ళు నిండిన నాటికే పెద్దయ్యాక ఉండబోయే ఎత్తులో ఇంచుమించు సగం వచ్చేస్తుంది. ఆ తరవాత నెమ్మదిస్తుంది. నాకు పని నేర్పిన పిన్నిగారు పిల్లల బట్టకి అంచు మడతలో రెండంగుళాలు వదలమనేవారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒకసారి మా వీధి అంగన్‌వాడీ టీచరు మా బాబు బరువు, ఎత్తు కార్డులో రాస్తూ, "మూడేళ్ళు దాటాక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలమ్మా" అన్నారు. ఇంటికొచ్చి టేపు రెండో వైపు తిప్పి చూశాను. రెండంగుళాలు, ఆ పైన కాస్త. పిన్నిగారి మడత లెక్క ఏమిటో అప్పుడు తెలిసింది.

కాబట్టి వదులుగా కుట్టక్కర్లేదు. ఎదుగుదలకి చోటు లోపల పెట్టాలి. భుజం మాత్రం ఖాయంగా ఈ ఏటి కొలతే ఉండాలి. భుజం కుట్టు జారితే మెడ జారుతుంది, చెయ్యి ఎత్తితే గౌనంతా పైకి లేస్తుంది. పక్క కుట్లలో ఒక్కో వైపు ముప్పావు అంగుళం బట్ట వదిలి, మిషను మీద పెద్ద కుట్టు వేస్తే తరవాత బట్ట చిరగకుండా విప్పుకోవచ్చు. లంగాకి అంచుకి పైన రెండు టక్కులు, అంటే అడ్డ మడతలు, పెట్టాలి. మా అమ్మల కాలంలో ప్రతి పరికిణీకీ ఉండేవి. నూలుబట్టయితే కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుక్కే మనం వదిలిందంతా లాగేసుకుంటుంది. ఏడాదయ్యాక మడత విప్పితే పాత అంచు దగ్గర ఒక గీత కనబడుతుంది. దాని కింద బట్ట ఎండ తగలక ఇంకా కొత్త రంగులోనే ఉంటుంది. తల్లులు ఆ గీత చూసి బాధపడతారు. దాని మీద సన్న లేసు వేస్తే పోతుంది. నాకైతే ఆ గీత ఇష్టం. మా పాప పట్టులంగాకి మూడు గీతలున్నాయి.

ఇవన్నీ తెలిసి కూడా మొదట్లో నేను మా పాపకి అలా కుట్టలేదు. ఆ మాట చెప్పకుండా ఈ ఉత్తరం రాస్తే తప్పవుతుంది. సీజనులో ఊరందరి పిల్లల బట్టలూ అయ్యాక, బడి తెరిచే ముందు రాత్రి దాని బట్ట పట్టుకునేదాన్ని. అది బల్ల కింద ముక్కల మూట మీద నిద్రపోతుండేది. లేపి కొలవడం ఎందుకని కంటి అంచనాతో, మళ్ళీ మళ్ళీ కుట్టక్కర్లేకుండా పెద్దగా కత్తిరించేసేదాన్ని. అది రెండో తరగతిలో ఉండగా బళ్ళో ఆటల రోజుకి వెళ్ళాను. పిల్లలంతా వరసగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టే ఆట. అందరి చేతులూ లేస్తున్నాయి. మా పాపది ఒక్క చెయ్యే లేస్తోంది. రెండో చెయ్యి నడుము దగ్గర గుప్పిట బిగించి ఉంది. లంగా జారిపోతోంది. టీచరు పిన్నీసు పెట్టినా ఆగట్లేదు. ఆట అయ్యేదాకా అది నవ్వుతూనే ఆ ఒక్క చెయ్యి ఊపింది. టైలరు కూతురు. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. ఆ రాత్రి దాన్ని బల్ల మీద నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. నా పుస్తకంలో దాని పేరు మీద పేజీ అదే మొదలు.

ఆ తరవాత నుంచి బట్ట ఒక్కటే కాదు, చాలా వాటిలో ఇదే కనబడుతోంది నాకు. మా అత్తగారు మా పాపకి అన్నీ చేశారు. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. చాప మీద తెల్లగుడ్డ పరిచి, అరిసెలు వరసగా పేర్చి, దాని వేళ్ళు పట్టుకుని వాటి మీద నడిపించారు. వీధి పిల్లలందరికీ పంచారు. ఆ రోజు బిడ్డ ఏం చేసిందో దానికే ఆ పిండివంట. బోర్లా పడ్డ రోజున "ఇంకా పాకట్లేదేం" అని ఎవరూ అడగలేదు. బళ్ళో వేసే వేళకి ఆ లెక్క ఎక్కడికి పోతుందో తెలీదు. నాలుగేళ్ళ బిడ్డకి అన్నం కలిపి పెడుతూ "వచ్చే ఏడు ఒకటో తరగతి, ఇంకా ముద్దలు పెట్టాలా?" అంటాం. ఆరేళ్ళ మా బాబు చీకట్లో దొడ్లోకి వెళ్ళడానికి భయపడితే "నువ్వు పెద్దాడివి" అని నేనూ అన్నాను. వాడికి ఆరేళ్ళు. ఆరేళ్ళ వాడికి చీకటంటే భయముంటుంది. వచ్చే ఏడు ఉండకపోవచ్చు, అది వచ్చే ఏడు సంగతి.

ఇంకో రకం బట్టలు కూడా మా దగ్గరికి వస్తాయి, సంక్రాంతికి. మా జిల్లా నుంచి హైదరాబాదు, చెన్నై, ఇంకా దూరాలకి పనులకి వెళ్ళిన తండ్రులు పండక్కి తెచ్చేవి. అవి ఎప్పుడూ బిగుతే. రెండేళ్ళ కిందట భోగి ముందు రోజు సాయంత్రం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెన్నైలో కొన్న గులాబీరంగు గౌను, కవరు కూడా పారెయ్యలేదు. పిల్ల తల దూరింది గానీ భుజాల దగ్గర ఆగిపోయింది. ఆయన చెయ్యి గాల్లో పెట్టి, "ఇంతే కదా అప్పా ఉండేది" అన్నాడు. పిల్ల వెళ్ళి ఆ చేతి పక్కన నిలబడింది. తల మూడు వేళ్ళు పైకి ఉంది. ఆయన ఆ చెయ్యి వెంటనే దించలేదు. కిందటి సంక్రాంతికి చూసిన పిల్లకి కొన్నాడు మరి. ఏడాదికి మూడు వేళ్ళు, నా లెక్క ప్రకారం పిల్ల బాగానే ఎదిగింది.

పక్కలు విప్పి, చంకల కింద అదే రంగు పట్టీలు వేసి, రాత్రి తొమ్మిదింటికి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక తెల్ల నాడా తీసుకుని పిల్ల భుజం నుంచి మోకాలి దాకా కొలిచి కత్తిరించి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. నెలకోసారి కొలిచి ఎంత తేడా వచ్చిందో ఫోనులో చెప్పమని వాళ్ళావిడకి చెప్పాను. ఈ సంక్రాంతికి తెచ్చిన గౌనుకి నేను విప్పింది అర అంగుళమే. దూరంగా ఉన్న తండ్రులందరికీ ఈ నాడా సంగతి చెప్పాలని ఉంది. మీ పత్రిక ఆన్‌లైన్లో చదివే వాళ్ళుంటే వాళ్ళకి ఇది చేరుతుంది.

బడుల వారికి కూడా ఒక మనవి. మా పిల్లల బళ్ళో బూట్లకి కొలత చలికాలంలో తీశారు. బూట్లు వచ్చేసరికి వేసవి సెలవులు దాటాయి. ఎదిగే పిల్లలకి పాదాలు ముందు సాగుతాయి, ఒళ్ళు తరవాత. మా పాప వేళ్ళు ముడుచుకుని నెల రోజులు నడిచింది, చిటికెన వేలి మీద కాయ కాసింది. కొలత బడి తెరిచాక తియ్యడం కుదిరితే మంచిదే. కుదరకపోతే ఒక పని చెయ్యవచ్చు. బడి వరండాలో ఒక బల్ల వేసి, బిగుతైన జత అక్కడ పెట్టి సరిపోయే జత తీసుకోమనండి. మూడో తరగతి వాడికి పట్టనిది రెండో తరగతి వాడికి సరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఇంత పట్టుదలగా రాస్తున్నానో కూడా చెబుతాను. మా పాప 2014 అక్టోబరులో పుట్టింది. దానికి పదకొండో రోజు నాడు హుద్‌హుద్ తుపాను. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు మిషను తిరగదు. మా అమ్మ పాత నేతచీర చింపి, దీపం వెలుగులో చేత్తో జుబ్బా కుట్టాను. నిడివి 9 అంగుళాలు. మొన్న బీరువా సర్దుతుంటే అది కనబడితే తీసి పాప మెడ వెనక నుంచి ఆనించి చూశాను. నడుము దాకా కూడా రాలేదు. ఈ ఒక్క ఏడాదిలోనే అది మూడంగుళాలు ఎదిగింది. ఆడపిల్లలు మగపిల్లల కన్నా ముందు ఎదుగుతారని తెలుసు, ఎందరి కొలతలో రాశాను. అయినా టేపు రెండుసార్లు పెట్టి చూసుకున్నాను.

దానికి ఆరో తరగతికి హాస్టలు బళ్ళో సీటొచ్చింది. మంచి బడి. తనే పరీక్ష రాసి తెచ్చుకుంది. పదో తరగతి దాకా నా దగ్గర ఉంటుందని నేను వేసుకున్న లెక్క ఐదేళ్ళు ముందే అయిపోయింది. హాస్టలుకి నాలుగు జతలు కుట్టాలి. బట్ట ముందు పెట్టుకుని మొదటి రోజు కత్తెర పట్టుకోలేకపోయాను. అక్కడ మడత విప్పడానికి నేనుండను కదా, పోనీ వదులుగానే కుట్టేద్దామా అనిపించింది. అప్పుడు ఆ ఆటల రోజు గుప్పిట గుర్తొచ్చింది.

ఈ ఏటి కొలతకే కుట్టాను. అంచులో రెండు మడతలు పెట్టాను. మొదటి మడతకి ఎర్రదారం, రెండోదానికి నీలందారం. పాపని పక్కన కూర్చోబెట్టుకుని వారం రోజులు నేర్పాను. సూది మొనతో కుట్టు ఎలా లేపాలి, దారం లాగకుండా ఎక్కడ తెంపాలి, మళ్ళీ చేతి కుట్టు ఎంత దూరంలో వెయ్యాలి. మొదట రెండుసార్లు బట్ట చీల్చింది. మూడోసారి సరిగ్గా విప్పింది. "ఎర్రదారం ఎప్పుడు విప్పాలమ్మా?" అని అడిగింది. "చీలమండ కనబడిన రోజు" అన్నాను. దసరా సెలవులకి వచ్చినప్పుడు చూస్తాను.

చివరిగా మీ పాఠకులకి ఒక మాట. ఈ జూన్ నెలంతా సాయంత్రం నాలుగు దాటాక ఎవరు వచ్చినా పిల్లల బట్టల మడతలు కూలి లేకుండా విప్పి కుట్టి ఇస్తాను. ఎవరు కుట్టిన బట్టయినా సరే. ఉతికి తెండి, పిల్లని కూడా వెంట తీసుకురండి. పాత కొలత చీటీ తెస్తే నేను విప్పను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక టైలరు,
విజయనగరం